బ్యాచ్‌మేట్ల విశేషాలు అడిగితే ఎవరూ రాయడం లేదు, ఎలా రాబట్టాలి?

ప్రశ్న: మా బ్యాచ్ యూనివర్సిటీ వదిలి 15 ఏళ్ళవుతోంది. మొత్తం 62 మందిమి. ఎవరెవరు ఏం చేస్తున్నారో, ఎలా ఉన్నారో రాయించి చిన్న పుస్తకంలా వేద్దామనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు అడిగితే ఏడుగురే రాశారు, వాళ్ళు కూడా హోదాలు తప్ప ఏమీ రాయలేదు. ఇలాంటిది చేసినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

ఇలాంటి సంచికల పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను కాబట్టి ముందుగా అసలు విషయం చెప్తాను. గ్రూపులో అడగడం దగ్గరే మీ పని ఆగిపోయింది. 'ఫ్రెండ్స్, అందరూ వివరాలు పంపండి' అన్న మెసేజ్ చూసిన ప్రతివాళ్ళూ మిగతావాళ్ళు రాశాక చూద్దాంలే అనుకుంటారు. ముందుగా రాసేది ఎవరంటే, చెప్పుకోవడానికి మంచి హోదా ఉన్నవాళ్ళు. డైరెక్టర్, సీనియర్ మేనేజర్, సొంత కంపెనీ అని వరసగా మూడు పడ్డాయనుకోండి, ఉద్యోగం పోయి వెతుక్కుంటున్నవాళ్ళూ, పిల్లల కోసం మానేసినవాళ్ళూ, అమ్మానాన్నల్ని చూసుకుంటూ ఇంటిపట్టున ఉన్నవాళ్ళూ ఇక నోరు విప్పరు. వాళ్ళు లేకపోతే మీ చేతికొచ్చేది పుస్తకం కాదు, విజిటింగ్ కార్డుల కట్ట. అందుకని ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. అడిగేది హోదా గురించి కాకూడదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. అమెరికా యూనివర్సిటీల్లో దీన్ని క్లాస్ నోట్స్ అంటారు, అక్కడ క్లాస్ అంటే ఒకే ఏడాది పట్టా తీసుకునే బ్యాచ్. 1900లో మొదలైన ప్రిన్స్‌టన్ పూర్వవిద్యార్థుల పత్రిక ఇప్పటికీ క్లాసులవారీగా ఈ విశేషాలు వేస్తోంది. హార్వర్డ్‌లో ఐదేళ్ళకోసారి క్లాసుకో పుస్తకమే వస్తుంది, అట్ట ఎర్రగా ఉంటుంది కాబట్టి రెడ్ బుక్ అంటారు. అక్కణ్ణించి మీరు తీసుకోవాల్సింది ఒకటే: ప్రతి క్లాసుకీ ఒక సెక్రటరీ ఉంటారు, రాబట్టే బాధ్యత ఆ ఒక్క మనిషిది. మీరు కూడా ముందు ఆ పేరు తేల్చుకోండి. సాయానికి ఎంతమందైనా ఉండొచ్చు కానీ చివరి మాట ఒకరిదే కావాలి.

మొదటి వారం అంతా జాబితాకే పోతుంది, పోనివ్వండి. గ్రూపులో ఉన్నవాళ్ళే బ్యాచ్ అనుకోవద్దు. హాజరు పట్టీ, ఫైనలియర్ గ్రూప్ ఫోటో, స్నాతకోత్సవంలో పట్టాలందుకున్నవాళ్ళ జాబితా, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే కనీసం ముగ్గురు నలుగురు ఎక్కువ తేలతారు. మధ్యలో చదువు మానేసినవాళ్ళు, రెండో సంవత్సరంలో వచ్చి చేరినవాళ్ళు, సబ్జెక్టులు మిగిలి ఏడాది ఆలస్యంగా బయటపడ్డవాళ్ళు. వీళ్ళని కలుపుకోవాలా అని కమిటీల్లో చర్చ పెడుతుంటారు. చర్చ అక్కర్లేదు, అడగండి. 'మా లెక్కలో నువ్వు మన బ్యాచే, నీకు ఇష్టమేనా' అంటే చాలు.

జాబితా రాసుకునే ఎక్సెల్ షీటులో ఈ గడులు ఉండాలి: అప్పటి పేరు, ఇప్పటి పేరు, క్లాసులో పిలిచిన పేరు, ఫోను, ఈమెయిలు, ఎవరికి అప్పగించాం, ఎప్పుడు అడిగాం, ఏం వచ్చింది, చూసి ఒప్పుకున్నారా, చివరగా 'ఇక పంపొద్దు'. అప్పటి పేరు గడి ఎందుకంటే పెళ్ళి తర్వాత ఇంటిపేరు మారినవాళ్ళని మిగతావాళ్ళు కొత్త పేరుతో గుర్తుపట్టరు. సంచికలో కూడా రెండూ వేయాలి, అయితే పాత పేరు వేయొచ్చా అని ఆమెనే అడిగి వేయాలి. ఇద్దరికి ఒకే పేరుంటే ఎవరి విశేషం ఎవరి కింద పడుతుందో చెప్పలేం, అక్కడ రోల్ నంబర్ పక్కన రాసుకోండి. ఇంకో చిన్న ఇబ్బంది ఫోన్ నంబర్లతో వస్తుంది. ఎక్సెల్ వాటిని అంకెలనుకుని ముందున్న ప్లస్ గుర్తునీ సున్నాలనీ తీసేస్తుంది. నంబర్లు ఎక్కించకముందే ఆ గడిని టెక్స్ట్‌గా మార్చాలి. తర్వాత మారిస్తే పోయిన సున్నాలు తిరిగి రావు.

'ఇక పంపొద్దు' గడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనల్ని విడిచి వెళ్ళిపోయినవాళ్ళు ఉంటారు. వాళ్ళ నంబరు ఇంట్లో ఎవరి దగ్గరో మోగుతూనే ఉంటుంది. 'నువ్వింకా రాయలేదు' అన్న రిమైండర్ ఆ ఫోనుకి చేరితే, అది చదివేది వాళ్ళ భార్యో, భర్తో, అమ్మో. ఏ మెసేజ్ గుంపుగా పంపినా ముందు ఈ గడి చూసుకుని పంపాలి. 'నన్ను వదిలేయండి' అన్నవాళ్ళకీ ఇదే గడి.

జాబితా అయ్యాక మనుషుల్ని పంచుకోండి. 62 మందికి ఐదుగురు అయితే తలా 12, 13 మంది వస్తారు. ఒక మనిషి విసుగు రాకుండా మాట్లాడగలిగేది అంతవరకే. అక్షర క్రమంలో పంచితే లాభం లేదు. ఎవరితో ఎవరికి చనువుందో దాన్నిబట్టి పంచాలి: ల్యాబ్ బ్యాచ్, హాస్టల్ గది, ఒకే బస్సు. ఎవరితోనూ పెద్దగా కలవని నలుగురైదుగురు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్ళని మీలో అందరికంటే ఓపికగా వినే మనిషికి అప్పగించండి.

ఇక మెసేజ్. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ వాడొద్దు. మీ నంబరు ఫోనులో దాచుకున్నవాళ్ళకే అది చేరుతుంది. 15 ఏళ్ళుగా మాటల్లేనివాళ్ళు దాచుకుని ఉండరు, అది చేరలేదన్న సంగతి కూడా మీకు తెలియదు. ఈమెయిల్ గుంపుగా పంపితే అందరి చిరునామాలూ అందరికీ కనపడేలా పంపకండి, బీసీసీలో పెట్టండి. విడిగా రాసే మెసేజ్ ఇలా ఉంటే సరిపోతుంది:

'సర్క్యూట్స్ ల్యాబ్‌లో నీ పక్క టేబుల్ నాది. మన బ్యాచ్ వాళ్ళ కబుర్లన్నీ ఒక చిన్న పుస్తకంగా వేస్తున్నాం. నీ దగ్గర్నుంచి ఐదారు వాక్యాలు కావాలి. రాయడం కుదరకపోతే రెండు నిమిషాలు మాట్లాడి వాయిస్ పంపు, నేను రాసుకుంటాను. వేసేముందు నీకు చూపించే వేస్తాను. వచ్చే ఆదివారం లోపు పంపగలవా?'

ఇందులో ఒక్క ముక్కా తీసేయొద్దు. మొదటి వాక్యంతో ఇది ఫార్వర్డ్ మెసేజ్ కాదని తెలుస్తుంది. ఎంత రాయాలో చెప్పకపోతే జీవిత చరిత్ర రాయాలేమోనని వాయిదా వేస్తారు. గడువు వారానికి మించి ఇస్తే మర్చిపోతారు. మీరు అనాలా, నువ్వు అనాలా అని చాలామంది తటపటాయిస్తారు. అప్పుడు ఎలా పిలుచుకున్నారో అలాగే పిలవండి. 'ఏరా' అన్నవాణ్ణి 'మీరు' అంటే దూరం పెట్టినట్టు ఉంటుంది. అప్పట్లో మాటల్లేని అమ్మాయికో అబ్బాయికో రాస్తుంటే 'మీరు' అనే మొదలుపెట్టండి. అవతలివాళ్ళు నువ్వులోకి దిగితే మీరూ దిగొచ్చు.

అడగాల్సిన ప్రశ్నల విషయంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. సంస్థ, హోదా, జీతభత్యాలు, భార్య లేదా భర్త, పిల్లలు అని గడులు గీసిన ఫారం చూడగానే ఒక్క గడి ఖాళీగా ఉన్నా మనిషి వెనక్కి తగ్గుతాడు. పెళ్ళి చేసుకోని వాళ్ళకి, విడిపోయిన వాళ్ళకి, పిల్లలు లేని వాళ్ళకి ఆ ఫారం నింపడం బాధ. దానికి బదులు ఇవి అడగండి. రోజులో ఎక్కువసేపు ఏ పనిలో గడుస్తుంది? మనం చదివినదాంట్లో ఏది ఇప్పటికీ పనికొస్తోంది, ఏది అస్సలు అక్కర్లేకపోయింది? ఈ మధ్య కొత్తగా ఏం నేర్చుకున్నావు? ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పాలనుంటే చెప్పు. మన క్లాసులో ఎవరి సంగతి తెలుసుకోవాలనుంది?

ఆ చివరి ప్రశ్న మాత్రం మానేయకండి. దొరకని మనిషి జాడ చాలాసార్లు అక్కడే బయటపడుతుంది, ఎందుకంటే 'ఫలానావాడు ఎలా ఉన్నాడో, ఆరేళ్ళ కిందట ఒకసారి ఫోన్ చేశాడు' అని రాస్తారు, ఆ పాత నంబరు వాళ్ళ దగ్గర ఉంటుంది. రెండో ఉపయోగం ఇంకా పెద్దది. రెండుసార్లు అడిగినా పలకని మనిషికి మూడోసారి 'మనవాళ్ళు ముగ్గురు నీ గురించి అడిగారు' అని ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పటిదాకా పలకనివాళ్ళు దానికి పలకడం నేను చాలాసార్లు చూశాను. నిజంగా అడిగి ఉంటేనే చెప్పండి, ఎవరు అడిగారో చెప్పేముందు వాళ్ళ అనుమతి తీసుకోండి.

గూగుల్ ఫారం పెట్టేవాళ్ళు రెండు సంగతులు చూసుకోవాలి. అందులో ఫోటో అప్‌లోడ్ ప్రశ్న పెట్టినా, ఒకరికి ఒకే జవాబు అన్న షరతు పెట్టినా, జవాబిచ్చేవాళ్ళు గూగుల్ ఖాతాలోకి లాగిన్ కావాల్సిందే. కొందరు అక్కడే మూసేస్తారు. ఫారంలో రాత మాత్రమే ఉంచి, ఫోటో విడిగా తెప్పించుకోండి. నా మట్టుకు ఫారం కంటే వాయిస్ మెసేజే మేలు. రాయమంటే 'ఐ యామ్ డూయింగ్ గుడ్' అని సరిపెట్టే మనిషి, మాట్లాడమంటే మూడు నిమిషాలు ఆపకుండా చెప్తాడు. ఫోనులో తెలుగు వాయిస్ టైపింగ్‌తో దాన్ని రాతలోకి తెచ్చుకోవచ్చు, కాకపోతే పేర్లూ సంవత్సరాలూ తప్పు పడుతుంటాయి, అవి చెవితో విని సరిచూసుకోవాలి.

వచ్చినదాన్ని దిద్దడం ఎలాగో ఒక నమూనాతో చెప్తాను. ఇలాంటి వాయిస్ వచ్చిందనుకోండి:

'బానే ఉన్నాన్రా. ముందు టెస్టింగ్‌లో చేరా, నాలుగేళ్ళు చేసి మానేశా. నాన్నకి బాగాలేక రెండేళ్ళు ఇంట్లోనే ఉన్నా. ఇప్పుడు చిన్న ప్రింటింగ్ యూనిట్ చూసుకుంటున్నా, నాతో కలిపి ఆరుగురం. ఇంకేం లేదు చెప్పడానికి.'

దీన్ని 'సాఫ్ట్‌వేర్ రంగంలో విశేష అనుభవం గడించి, నేడు విజయవంతమైన పారిశ్రామికవేత్తగా రాణిస్తున్నారు' అని మారిస్తే ఆ మనిషి అందులో ఉండడు. సన్మాన పత్రాల్లో ఈ భాష అలవాటైపోయి చేతికి అదే వస్తుంది, ఆపుకోవాలి. ఇంకో ప్రశ్న అడగండి: ఏం ప్రింట్ చేస్తారు, పొద్దున వెళ్ళగానే ముందు చేసే పనేంటి? 'మందుల సీసాల లేబుళ్ళు. మొదటి షీటు రాగానే గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళి ఎండ వెలుతుర్లో చూస్తా, ట్యూబ్‌లైట్ కింద రంగు నమ్మలేం' అంటాడు. అప్పుడు రాయండి:

'నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి మానేశారు. ఇప్పుడు మందుల సీసాల లేబుళ్ళు ముద్రించే యూనిట్ నడుపుతున్నారు, తనతో కలిపి ఆరుగురు పనిచేస్తారు. రోజూ మొదటి షీటును గుమ్మం దగ్గర ఎండ వెలుతురులో చూశాకే మిగతావి మొదలుపెడతారు.'

నాన్నగారి అనారోగ్యం నేను కావాలనే వదిలేశాను. అది వేయాలా వద్దా అన్నది ఆయన ఇష్టం, అడిగాకే కలపాలి.

క్రియ సంగతి కూడా చూడండి. తెలుగులో 'చేస్తున్నాడు', 'చేస్తోంది', 'చేస్తున్నారు' మూడూ ఉన్నాయి. దిద్దేవాళ్ళు ఐదుగురైతే, పెద్ద పదవిలో ఉన్న మనిషికి తెలియకుండానే 'రు' వస్తుంది, మామూలు ఉద్యోగికి 'డు' పడుతుంది, ఇంట్లో ఉన్న అమ్మాయికి 'ది' పడుతుంది. చదివేవాళ్ళు ఇది పట్టేస్తారు, నొచ్చుకుంటారు. అందరికీ ఒకే రకం అని మొదటి రోజే తేల్చుకోండి. నేనైతే అందరికీ 'రు' పెడతాను. ఎవరిది వాళ్ళు 'నేను' అంటూ రాస్తే ఈ గొడవే ఉండదు, కానీ సగం మంది అలా రాసి సగం మంది రాయకపోతే పుస్తకం అతుకుల బొంతలా ఉంటుంది. వరసకి పేర్ల అక్షర క్రమమో, రోల్ నంబర్లో వాడండి. హోదాని బట్టి వరస పెట్టొద్దు. హోదాల పేర్లు ఎలాగూ పోల్చడానికి పనికిరావు. బ్యాంకుల్లో వైస్ ప్రెసిడెంట్ అంటే మధ్యస్థాయి ఉద్యోగమే కావచ్చు.

జరిగినదే వేయాలి, జరగబోయేది వేయకూడదు. పూర్వవిద్యార్థుల పత్రికల్లో చాలావాటికి ఇదే నియమం: పెళ్ళి అయ్యాకే, బిడ్డ పుట్టాకే. ఉద్యోగాలకీ ఇదే వర్తిస్తుంది. 'వచ్చే నెల వేరే కంపెనీకి మారుతున్నా' అని స్నేహితుడన్న చనువుతో మీకు చెప్తారు, వాళ్ళ మేనేజరుకి ఇంకా చెప్పి ఉండరు. పీడీఎఫ్ ఒకసారి బయటికెళ్తే ఎవరి చేతికైనా చేరుతుంది. లింక్డ్‌ఇన్ చూసి వేయడం కూడా వద్దు. ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైనా ప్రొఫైల్ మార్చనివాళ్ళు ఉంటారు. జీతాలు, జబ్బులు, విడాకులు, పూర్తి పుట్టినతేదీలు, పిల్లల స్కూలు పేర్లు, ఇంటి చిరునామాలు పుస్తకంలోకి రాకూడదు. ఫోన్ నంబర్లు కావాలంటే ఒప్పుకున్నవాళ్ళవి మాత్రమే వేరే షీటులో పెట్టి, బ్యాచ్ వాళ్ళకే ఇవ్వండి.

మరణ వార్త విషయంలో తొందర అస్సలు పనికిరాదు. 'పోయాడట' అన్న మాట మీద వేయకూడదు. ఇంట్లోవాళ్ళతో గానీ, స్వయంగా వెళ్ళి చూసిన స్నేహితులతో గానీ ధ్రువపరచుకోవాలి. గ్రూపులో పెట్టేముందు ఆ మనిషికి దగ్గరివాళ్ళు ఎవరున్నారో వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాలి, గ్రూపులో చూసి తెలుసుకునే పరిస్థితి రాకూడదు. పుస్తకంలో వాళ్ళ పేజీని చివరికి తోయకుండా అక్షర క్రమంలో వాళ్ళ చోటే ఇవ్వొచ్చు. నాకు అదే బాగుంటుంది. కారణం రాయనక్కర్లేదు. సంవత్సరం, క్లాసులో వాళ్ళ గురించి ఇద్దరు ముగ్గురు గుర్తుచేసుకున్న మాటలు, ఇంట్లోవాళ్ళు ఇచ్చిన ఫోటో చాలు.

గడువులు ఇలా పెట్టుకుంటే పది వారాల్లో అయిపోతుంది: జాబితాకి ఒకటి, అడగడానికీ గుర్తుచేయడానికీ నాలుగు, దిద్దడానికి రెండు, తిప్పి చూపించి ఒప్పించుకోవడానికి ఒకటి, పేజీలు పెట్టడానికి రెండు. గుర్తుచేయడం మూడుసార్లకి మించొద్దు. రెండోసారి మెసేజ్ కాకుండా ఫోన్ చేయండి, వేరే దేశంలో ఉన్నవాళ్ళకి అక్కడి టైము చూసుకుని చేయండి. 62లో 45 వస్తే పని బాగా అయినట్టే. ఒప్పించుకునేటప్పుడు 'ఓకేనా' అని అడిగితే చదవకుండానే ఓకే అంటారు. 'ఇందులో సంవత్సరాలు, పేర్లు సరిగ్గా ఉన్నాయా, తీసేయాల్సింది ఏమైనా ఉందా' అని అడగండి, అప్పుడు చదువుతారు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు లెక్క వేసుకోవద్దు.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. అచ్చులో అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే అంగుళంన్నర వెడల్పున్న ముఖచిత్రానికి 450 పిక్సెళ్ళు, 6 అంగుళాల వెడల్పున్న గ్రూప్ ఫోటోకి 1800 పిక్సెళ్ళు. పాత గ్రూప్ ఫోటోని ఫోనుతో తీయకుండా 600 చుక్కల దగ్గర స్కాన్ చేయించి, తలల మీద చిన్న నంబర్లు వేసి, కింద పేర్లు ఇవ్వండి. 'ఎడమ నుంచి మూడో వరస' అని రాస్తే ఎవరికీ దొరకదు.

తలకి 100 మాటలు హద్దు పెడితే 62 మందికి 6,200 మాటలు. ఏ5 పేజీలో (ఏ4 కాగితంలో సగం) 11 పాయింట్ తెలుగు అక్షరాలతో సుమారు 200 మాటలు పడతాయి, కాబట్టి 31 పేజీలు, ఫోటోలతో 44 దాకా వెళ్తుంది. మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి. 45 పేజీలైతే 48 వేయాల్సి వస్తుంది, మూడు ఖాళీగా మిగులుతాయి. పేజీలు ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెడుతుంటే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అన్న ఆప్షన్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి.

వీటన్నిటినీ కొత్తగా తెరిచిన బ్యాచ్ ఈమెయిల్ ఖాతాలో దాచేవాళ్ళకి ఒక హెచ్చరిక. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత గూగుల్ ఖాతాని ఆ సంస్థ తొలగించవచ్చు. మీరు ఐదేళ్ళకోసారి వేద్దామనుకుంటే, తర్వాతి సంచిక నాటికి జాబితా, ఫోటోలు అన్నీ పోవచ్చు. ఆరునెలలకోసారి లాగిన్ అయ్యే పని ఒకరికి అప్పగించండి, షీటు కాపీ ఇంకో ఇద్దరి దగ్గర ఉంచండి. వాట్సాప్ చాట్‌ని మాత్రం దాచుకునే చోటుగా నమ్మొద్దు, ఫోన్ మారితే పోయే ప్రమాదం ఉంది.

జవాబు ఇవ్వనివాళ్ళ పేర్లు కూడా పుస్తకంలో ఉండాలి, వద్దన్నవాళ్ళవి తప్ప. పేరు, క్లాసులో పిలిచిన పేరు, అంతే. 'ఎక్కడున్నారో తెలియదు', 'స్పందించలేదు' అని పక్కన రాయకండి. పీడీఎఫ్ పంపిన మొదటి వారంలోనే వాళ్ళలో కొందరు 'నాది కూడా వేస్తారా' అని అడుగుతారు, ఎందుకంటే మిగతావాళ్ళు ఏం రాశారో చూశాక తమ సంగతి కూడా అందులో ఇమడగలదని తెలుస్తుంది. అందుకని అచ్చుకి వెంటనే ఇచ్చేయకండి. పీడీఎఫ్ పంపి మూడు వారాలు ఆగి, తప్పులు దిద్ది, కొత్తగా వచ్చినవి కలిపి అప్పుడు ఇవ్వండి.